పాత పడవ – కొత్త మోటారు

అమెరికా సంయుక్త రాష్ట్రాల ఉత్తర భాగాన ఉన్న విస్కాన్సిన్ రాష్ట్రం సరస్సులకు పెట్టింది పేరు. వేల సంఖ్యలో ఉన్న ఆ సరస్సుల తీరాన నివసించే మధ్యతరగతి కుటుంబాలకు చిన్న పడవ విలాసవస్తువు కాదు. ఇంటి ముందు నిలిచిన ద్విచక్రవాహనం మనకెంత పరిచితమో, పెరటి కొట్టంలో ఒదిగిన పడవ వారికంత పరిచితం. శీతకాలంలో సరస్సు గడ్డకట్టక ముందే పడవ కొట్టంలోకి చేరుతుంది. మంచు కరగగానే నీటిలోకి దిగుతుంది. తండ్రి నడిపిన పడవను కొడుకు, కొడుకు నడిపిన పడవను మనుమడు నడపడం అక్కడ వింత కాదు.

ఆ తీరాన ఒక గృహస్థును ఊహించుకొందాం. ఆయన వయస్సు అరవై ఎనిమిది. పాఠశాలలో గణితం బోధించి పదవీ విరమణ చేసినవారు. ఆయన తండ్రి 1959లో కొన్న పద్నాలుగు అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవ ముప్పై ఏళ్లుగా కొట్టంలో పడి ఉంది. ఆనాటి అమెరికా కార్లకు వెనుకవైపు రెక్కలు పెట్టడం ఒక వేడుక. ఆ వేడుక పడవలకూ పాకింది. ఈ పడవకు కూడా వెనుకవైపు రెండు రెక్కలున్నాయి. నీలిరంగు వెలిసి బూడిదరంగుకు దిగింది. తండ్రి ఒడిలో కూర్చొని చక్రం పట్టుకోవడం ఆయన నేర్చుకొన్నది ఈ పడవలోనే. పడవ వెనుక తగిలించిన 35 అశ్వసామర్థ్యపు మోటారు ఏనాడో బిగుసుకుపోయి పాత ఇనుముకు వెళ్లిపోయింది. ఈ వేసవికి మనుమలు వస్తున్నారు. పడవను మళ్లీ నీటిలోకి దింపాలి. అయితే దానికి ఎంత శక్తిగల మోటారు తగును?

పైకి చూస్తే ఇది బజారులో వస్తువు కొనడానికి సంబంధించిన ప్రశ్న. కొడుకు "అరవై పెట్టిద్దాం నాన్నా, రోజులు మారాయి" అన్నాడు. పొరుగున ఉన్న వృద్ధుడు పదిహేను చాలునన్నాడు. దుకాణదారుడు తన వద్ద నిల్వ ఉన్నది నలభై అని చెప్పాడు. ముగ్గురూ మూడు సంఖ్యలు చెప్పారుగాని ఒక్కరూ పడవ వద్దకు వెళ్లి దానిని చూడలేదు. ఆ పడవలో కూర్చోబోయేవారు తొమ్మిదేళ్ల బాలిక, ఆరేళ్ల బాలుడు. అందువల్ల లెక్కల మాస్టారు ఈ లెక్కను తామే మొదటి నుండి చేయదలచుకొన్నారు.

అశ్వసామర్థ్యం అన్న కొలమానాన్ని స్థిరపరచినవాడు జేమ్స్ వాట్. తన ఆవిరియంత్రం ఎన్ని గుర్రాల పని చేయగలదో కొనుగోలుదారులకు తెలియజెప్పడానికి, నిమిషానికి 33,000 అడుగు-పౌండ్ల పనిని ఒక గుర్రం సామర్థ్యంగా అతడు లెక్కకట్టాడు. అది 746 వాట్లకు సమానమని భౌతికశాస్త్ర విద్యార్థులకు విదితమే. భూమిపై పుట్టిన ఈ గుర్రాన్ని పడవ వెనుక కట్టినవారిలో ప్రసిద్ధుడు ఓలే ఎవిన్‌రూడ్. నార్వేలో జన్మించి విస్కాన్సిన్‌లో పెరిగిన యంత్రశిల్పి అతడు. 1906 వేసవిలో ఒకనాడు ఓకౌచీ సరస్సులోని దీవికి వనవిహారానికి వెళ్లినప్పుడు, తాను వివాహమాడబోయే బెస్ ఐస్‌క్రీమ్ కోరిందట. అతడు తెడ్లు వేసుకొంటూ ఒడ్డుకు వెళ్లి తెచ్చేసరికి అది కాస్తా కరిగిపోయిందట. కథ ఎంతవరకు నిజమోగాని, 1909లో అతడు అమ్మకానికి పెట్టిన మోటారు బరువు 62 పౌండ్లు, సామర్థ్యం ఒకటిన్నర గుర్రం. అతనికంటె ముందే కామెరాన్ వాటర్‌మన్ అనే మరొకడు ఇటువంటి మోటారుకు 1907లో పేటెంటు పొందాడు. లోకం మాత్రం ఐస్‌క్రీమ్ కథనే గుర్తుంచుకొంది.

ఒకటిన్నర గుర్రంతో మొదలైన ఈ పరుగు రెండవ ప్రపంచయుద్ధం తరువాత పందెంగా మారింది. 1958లో 50 అశ్వసామర్థ్యపు మోటారు, 1960లో 75, 1962లో 100 వచ్చాయి. మోటార్ల శక్తి నాలుగేళ్లలో రెట్టింపైంది. అదే కాలంలో పడవ ఒళ్లు కూడా మారింది. కరిగించిన గాజును సన్నని దారాలుగా తీసి, వాటితో చేసిన బట్టను పాలియెస్టర్ రెజిన్‌లో తడిపి, అచ్చులో పొరలు పొరలుగా పరిచి గట్టిపడనిస్తే ఫైబర్‌గ్లాస్ పడవ తయారవుతుంది. ఒహాయో రాష్ట్రానికి చెందిన రే గ్రీన్ 1942లోనే ఇటువంటి చిన్న పడవను నిర్మించాడు. చెక్కపడవకు ఏటేటా చేయవలసిన సేవలు దీనికి అక్కరలేదు. చెద పట్టదు, కుళ్లదు, పలకల సందుల నుండి నీరు కారదు. 1961లో బోస్టన్ వేలర్ పడవల నిర్మాత రిచర్డ్ ఫిషర్ తాను కూర్చొన్న పదమూడు అడుగుల పడవను నీటిపైనే రంపంతో రెండు ముక్కలుగా కోయించి, మోటారున్న సగంతో సాగిపోయాడు. 'లైఫ్' పత్రికలో ఆ చిత్రాలు చూసిన జనానికి ఫైబర్‌గ్లాస్ చావులేని వస్తువన్న నమ్మకం కలిగింది. ఆ నమ్మకంలో సగమే నిజమున్నదని కాలక్రమంలో తేలింది. ఆ మిగిలిన సగం గురించే ఈ పెద్దాయన తెలుసుకోవలసి వచ్చింది.

ముందుగా ఆయన వేగాన్ని గురించి ఆలోచించారు. నీటిలో సాగే పడవ తన ముందు ఒక అలను లేపుతుంది. వేగం పెరిగినకొద్దీ ఆ అల పొడవు పెరుగుతుంది. అల పొడవు పడవ పొడవుకు సమానమైన క్షణాన పడవ తాను లేపిన అలల నడుమ గుంటలో చిక్కుకొంటుంది. ఆ వేగాన్ని లెక్కించడానికి ఒక సులభసూత్రం ఉంది. నీటిని తాకే పొడవును అడుగులలో తీసుకొని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే వేగం నాట్లలో వస్తుంది. ఈ పడవ నీటిని తాకే పొడవు పదమూడు అడుగులు. లెక్క వేస్తే నాలుగు పాయింట్ల ఎనిమిది నాట్లు, అంటే గంటకు సుమారు 9 కిలోమీటర్లు. అంతవరకు నాలుగైదు గుర్రాలు చాలును. ఆ అలను ఎక్కి దాటి, పడవ అడుగుభాగం నీటిని చీల్చడం మాని నీటిపై జారడం మొదలుపెట్టాలంటే మాత్రం శక్తి ఎన్నోరెట్లు కావాలి. ఈ రెండు స్థితులకు మధ్య ఉన్నది ఒక గట్టు. శక్తి చాలని మోటారు ఆ గట్టు ఎక్కలేక, దిగలేక నడుమనే పెనుగులాడుతుంది. అప్పుడు పడవ ముందుభాగం ఆకాశానికి లేస్తుంది. నడిపేవానికి ఎదుటి దారి కనిపించదు. మోటారు ఎంతసేపు నడిచినా పూర్తి దమ్ముతోనే నడవాలి. నలుగురు మనుషులతో ఈ పడవ వెనుక పదిహేను గుర్రాలు కడితే జరిగేది అదే. తక్కువ శక్తి క్షేమమని పొరుగు వృద్ధుడు అనుకొన్నది పూర్తిగా సరికాదు.

ఇక్కడ మన తీరాన్ని కూడా ఒకసారి తలచుకోవచ్చు. శ్రీకాకుళం నుండి నెల్లూరు వరకు మత్స్యకారుల చెక్కతెప్పల స్థానాన్ని చాలాచోట్ల ఫైబరు పడవలు ఆక్రమించాయి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా ప్రారంభించిన బంగాళాఖాత కార్యక్రమం, కెరటాల మధ్య ఇసుక ఒడ్డుకు లాగదగిన పడవలపై ప్రయోగాలు చేసింది. ఆ పడవలలో అనేకం పొడవులో ఈ విస్కాన్సిన్ పడవకంటె పెద్దవి. అయినా వాటికి అమర్చే ఇంజన్లు తరచు పది అశ్వసామర్థ్యానికి అటూ ఇటూగా ఉంటాయి. మన జాలరికి నీటిపై జారవలసిన పని లేదు. వలలు, చేపలు, నలుగురు మనుషుల బరువుతో కెరటం దాటి వెళ్లి, చమురు ఖర్చు చేపల ధరను మించకుండా తిరిగి రావడం అతని లెక్క. పడవ పొడవు ఒక్కటే చూసి మోటారు ఇంతని చెప్పేవారికి ఈ ఉదాహరణ ఒక్కటి చాలు.

విస్కాన్సిన్ మాస్టారి లెక్క వేరు. ఆయనకు పడవ నీటిపై జారాలి, కాని పందెం గుర్రం కానక్కరలేదు. ఇటువంటి పడవల వేగాన్ని అంచనా కట్టడానికి జార్జ్ క్రౌచ్ అనే అమెరికా నౌకాశిల్పి ఒక సూత్రాన్ని రూపొందించాడు. 1924లోను, 1925లోను గోల్డ్ కప్ పందెం గెలిచిన 'బేబీ బూట్‌లెగ్గర్' పడవ అతని సృష్టి. మొత్తం బరువును పౌండ్లలో తీసుకొని, దానిని అశ్వసామర్థ్యంతో భాగించి, వర్గమూలం కట్టి, ఆ వచ్చినదానితో ఒక స్థిరాంకాన్ని భాగిస్తే వేగం మైళ్లలో వస్తుంది. ఈ తరహా పడవకు ఆ స్థిరాంకం సుమారు 180 అనుకోవచ్చు. పడవ, మోటారు, మనుషులు, ఇంధనం కలిపి 1,400 పౌండ్లనుకొంటే ముప్పై గుర్రాలతో గంటకు 26 మైళ్లు, అంటే 42 కిలోమీటర్ల వేగం వస్తుంది. అరవై గుర్రాల మోటారు మరొక నూరు పౌండ్లు ఎక్కువ తూగుతుంది. దానితో వచ్చే వేగం 36 మైళ్లు, అంటే 58 కిలోమీటర్లు. శక్తి రెట్టింపైతే వేగం రెట్టింపు కాలేదు. మూడవ వంతుకు కొంచెం ఎక్కువగా పెరిగింది. పడవలో నిండిన గతిజశక్తి మాత్రం వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది గనుక దాదాపు రెట్టింపైంది. నీటిలో మునిగి ఉన్న దుంగ ఒకటి ఎదురైతే లెక్కకు వచ్చేది ఆ రెండవ సంఖ్య.

తరువాత ఆయన చట్టం వైపు చూశారు. అమెరికాలో 1971లో పడవల భద్రతకు సమాఖ్య చట్టం వచ్చింది. దాని ప్రకారం 1972 నవంబరు 1 తరువాత తయారైన, ఇరవై అడుగులలోపు మామూలు మోటారు పడవలకు ఒక ఫలకాన్ని తప్పక అమర్చాలి. ఎందరు కూర్చోవచ్చు, ఎంత బరువు మోయవచ్చు, ఎంత శక్తిగల మోటారు పెట్టవచ్చు అన్నవి దానిపై ఉంటాయి. కొన్ని రాష్ట్రాలలో ఆ సంఖ్యను మించిన మోటారు పెట్టడం నేరం. 1959 నాటి ఈ పడవకు ఫలకం లేదు. అయితే నిర్మాతలు ఆ సంఖ్యను రాబట్టే సూత్రం బహిరంగమే. దానితో పాత పడవను కొలవకూడదని ఎవరూ నిషేధించలేదు.

సూత్రం కష్టమైనది కాదు. పడవ పొడవును, వెనుక పలక వెడల్పును అడుగులలో కొలిచి గుణించాలి. పద్నాలుగును ఐదుతో గుణిస్తే డెబ్భై. చక్రంతో దూరం నుండి తిప్పే ఏర్పాటు ఉండి, వెనుక పలక ఎత్తు కనీసం ఇరవై అంగుళాలుంటే ఆ డెబ్భైని రెట్టింపు చేసి తొంభై తీసివేయాలి. అంటే యాభై గుర్రాలు. ఆ రెండింటిలో ఏ ఒక్కటి లేకున్నా, పడవ అడుగు బల్లపరుపుగా లేనప్పుడు, డెబ్భైని 0.8తో గుణించి ఇరవై అయిదు తీసివేయాలి. ముప్పై ఒకటి వస్తుంది. దానిని ఐదు గుణిజాలలో పై సంఖ్యకు పెంచితే ముప్పై అయిదు. ఈ పడవకు చక్రం ఉంది. కాని టేపు పెట్టి కొలిస్తే వెనుక పలక ఎత్తు పదిహేను అంగుళాలే. అందువల్ల సమాధానం ముప్పై అయిదు. తండ్రి 1959లో కొన్న మోటారు కూడా ముప్పై అయిదే. చట్టం పుట్టకముందే ఆ తండ్రికి, ఆనాటి పడవ నిర్మాతకు తెలిసిన విషయం చట్టంలో లెక్కగా మారిందన్నమాట. మాస్టారు కాగితం మీద ఆ సంఖ్య చుట్టూ రెండుసార్లు గీత గీశారు.

అయిదు అంగుళాల తేడాకు పదిహేను గుర్రాలు తగ్గడం విద్యార్థికి వింతగా తోచవచ్చు. వేగంగా పోతున్న పడవను హఠాత్తుగా ఆపితే, దాని వెనుక తరుముకొస్తున్న సొంత అల వచ్చి వెనుక పలకను ఢీకొంటుంది. పలక పొట్టిదైతే ఆ నీరు లోపలికి దూకుతుంది. మోటారు బరువెక్కువై పడవ వెనుకభాగం ముందే కుంగి ఉంటే చెప్పనక్కరలేదు. పాతకాలపు చిన్న పడవలు ఈ విధంగా నిమిషాలలో నీట మునగగలవు.

ఇంతవరకు చేసినదంతా కొత్త పడవ లెక్క. సూత్రానికి పడవ వయస్సు తెలియదు. పొడవు, వెడల్పు అరవై ఏళ్లకూ మారవు. మారేది వాటి లోపల ఉన్నది. మోటారు బరువును, తోపును భరించేది వెనుక పలక. దాని పైపొరలు ఫైబర్‌గ్లాసే అయినా, వాటి నడుమ దాదాపు ఒకటిన్నర అంగుళాల మందాన ప్లైవుడ్డు ఉంటుంది. గాజుకు కుళ్లు లేదు, చెక్కకు ఉంది. మోటారు బిగించిన రంధ్రాల వద్ద, నీటిని బయటకు వదిలే బిరడా వద్ద సన్నని దారి దొరికితే చాలు, నీరు లోనికి దిగుతుంది. రెండువైపులా గాజుపొర ఉన్నందువల్ల లోన చేరిన తేమకు ఆరే దారి లేదు. విస్కాన్సిన్ చలికి ఆ నీరు గడ్డకట్టి వ్యాకోచించి పొరలను విడదీస్తుంది. వేసవిలో శిలీంధ్రం తన పని తాను చేసుకుపోతుంది. బయటికి నీలిరంగు, నిగనిగలు. లోపల తడిసిన రొట్టె వంటి చెక్క.

మాస్టారు చిన్న సుత్తి తీసుకొని వెనుక పలకను అంగుళం అంగుళం కొట్టి చూశారు. పైభాగం ఖణేల్‌మంది. మధ్యకు వచ్చేసరికి ధ్వని మందగించింది. బిరడా చుట్టూ కొడితే తడి గోనెసంచిని కొట్టినట్లయింది. అప్పుడు లోపలివైపు నుండి సన్నని రంధ్రం వేశారు. మంచి చెక్కనుండి పొడిగా, లేతరంగులో రావలసిన పొట్టు నల్లగా, తడిగా బరమాకు అంటుకొని వచ్చింది. దానిని ఆయన అరచేతిలో పెట్టుకొని కొడుకుకు చూపించారు. ఆయన ఏమీ అనలేదు. ఆ తరువాత ఆ ఇంట్లో అరవై గుర్రాల మాట ఎవరూ ఎత్తలేదు.

ఎందుకు ఎత్తలేదో లెక్క చెబుతుంది. ముప్పై గుర్రాలంటే సుమారు 22,400 వాట్లు. అందులో సగం ప్రొపెల్లరు వద్ద వృథా అవుతుందనుకొన్నా, గంటకు 42 కిలోమీటర్ల వేగంలో పడవను నెట్టే బలం సుమారు నూరు కిలోల బరువుకు సమానం. ప్రొపెల్లరు ఉండేది మోటారును పట్టి ఉంచిన బోల్టులకు చాలా దిగువన. మోటారు నిలువు కాడ ఒక మీట వలె పనిచేస్తుంది. అడుగున నూరు కిలోలు ముందుకు నెడుతుంటే, పైభాగం పలకను వెనుకకు చీల్చాలని చూస్తుంది. అల మీద ఎగిరి పడిన ప్రతిసారీ, ట్రెయిలరుపై గతుకుల రోడ్డున పోయిన ప్రతిసారీ ఆ మీట మళ్లీ మళ్లీ ఊగుతుంది. ఆరోగ్యవంతమైన పలకకు ఇది బరువే కాదు. కుళ్లిన పలక మోటారుతో సహా ఊడి వస్తే, పడవ వెనుక అయిదడుగుల తలుపు తెరిచినట్లే.

ఆ వసంతం మొత్తం పలక పనికే సరిపోయింది. లోపలి గాజుపొరను కోసి, నల్లబడిన చెక్కను ఉలితో తోడివేసి, వారాల తరబడి ఆరబెట్టారు. ముప్పావు అంగుళం మందమున్న మెరైన్ ప్లైవుడ్డు పలకలు రెండింటిని ఇపాక్సీతో అతికించి, పాత పలక ఆకారానికి కోసి లోన కూర్చారు. దానిపై మళ్లీ గాజుబట్ట పొరలు వేశారు. కొడుకు వారాంతాలలో వచ్చి చేయి కలిపాడు. పడవ నేలబల్ల కింద తేలుడు కోసం నింపిన ఫోము కూడా కొంత నీరు తాగి ఉంది. దానిని తీసివేసి కొత్తది పెట్టారు. ట్రెయిలరుతో సహా పడవను బరువులు తూచే కాటా మీదికి ఎక్కిస్తే, అంతకు ముందు తూచినదానికంటె తొంభై కిలోలు తగ్గింది. ఈ తొంభై కిలోలూ ఇన్నేళ్లు పడవలో టిక్కెట్టు లేకుండా కూర్చొన్న ప్రయాణికులని కొడుకు హాస్యమాడాడు. ఆ బరువును లెక్కలోకి తీసుకోకుండా ఎవరైనా మోటారు కొని ఉంటే, పడవ జారడం లేదని మోటారును నిందించి మరింత పెద్దది కొనేవారు.

అప్పుడుగాని మోటారు ప్రశ్నకు సమయం రాలేదు. ఇందులోను ఒక మెలిక ఉంది. 1959 నాటి 35 గుర్రాలు, నేటి 35 గుర్రాలు ఒకటి కావు. ఆ కాలంలో మోటారు శక్తిని యంత్రపు ఇరుసు వద్ద కొలిచేవారు. 1980ల మధ్యకాలం నుండి ప్రొపెల్లరు ఇరుసు వద్ద కొలవడం ఆనవాయితీ అయింది. నడుమ గేర్లలోను, రాపిడిలోను పోయే శక్తి పాత సంఖ్యలో కలిసే ఉండేది. కొత్త సంఖ్యలో లేదు. దాదాపు పదవ వంతు తేడా వస్తుంది. ఆ లెక్కన తండ్రిగారి ముప్పై అయిదు నేటి ముప్పై ఒకటి, ముప్పై రెండుకు సమానం.

రెండవ మెలిక బరువు. ఆనాటి రెండు స్ట్రోకుల మోటార్లు తేలిక. నూనె కలిపిన పెట్రోలు తాగి, నీలిపొగ వదిలి, కాలని ఇంధనాన్ని నీటిలో కలిపేవి. ఆ కాలుష్యాన్ని అరికట్టడానికి అమెరికా ప్రభుత్వం విధించిన నియమాలు 1998 నుండి 2006 వరకు అంచెలంచెలుగా అమలయ్యాయి. వాటితో కార్బురేటరు ఉన్న పాత తరహా రెండు స్ట్రోకుల మోటార్లు కొత్త అమ్మకాల నుండి తప్పుకొన్నాయి. ఎవిన్‌రూడ్ పేరుతో మోటార్ల తయారీ కూడా 2020లో ఆగిపోయింది. నేటి నాలుగు స్ట్రోకుల మోటార్లు నిశ్శబ్దంగా నడుస్తాయి, ఇంధనం పొదుపు చేస్తాయి, కాని బరువెక్కువ. నలభై గుర్రాల మోటారు అనేక కంపెనీలలో నూరు కిలోలకు సమీపంగా తూగుతుంది. ముప్పై గుర్రాలది ఎనభై కిలోలలోపు దొరుకుతుంది. తండ్రిగారి నాటి మోటారు అరవై, డెబ్భై కిలోల మధ్య ఉండేది. పదిహేను అంగుళాల పొట్టి పలకపై ముప్పై కిలోలు అదనంగా వేలాడదీయడమా, పది కిలోలా అన్నప్పుడు మాస్టారికి ఎక్కువ ఆలోచన అవసరం కాలేదు. దుకాణదారుని నలభై దుకాణంలోనే ఉండిపోయింది. పొట్టికాడ గల ముప్పై గుర్రాల మోటారు కొట్టానికి వచ్చింది.

బిగించే రోజున ప్రతి బోల్టు రంధ్రాన్ని కొంచెం పెద్దదిగా వేసి, ఇపాక్సీతో నింపి, గట్టిపడిన తరువాత మళ్లీ అందులోనే సన్నని రంధ్రం వేశారు. ఇక నీరు చెక్కను చేరాలంటే ముందు ఇపాక్సీని దాటాలి. ప్రొపెల్లరు ఎన్నిక మరొక చిన్న తపస్సు. ఒక చుట్టులో అది సిద్ధాంతరీత్యా ఎన్ని అంగుళాలు ముందుకు సాగుతుందో దానిని పిచ్ అంటారు. పిచ్ ఎక్కువైతే మోటారు ఎత్తుగేరులో కొండ ఎక్కే లారీలా మూలుగుతుంది. తక్కువైతే హద్దు మీరి తిరుగుతుంది. మొదటి ప్రొపెల్లరుతో పూర్తి థ్రాటిల్‌లో మోటారు నిమిషానికి 4,700 చుట్లు మాత్రమే తిరిగింది. తయారీదారు చెప్పిన కనీసపు హద్దు 5,000. పిచ్ రెండంగుళాలు తగ్గించి మరొకటి పెడితే 5,100 దాటింది. గుర్రాలు ముప్పై ఉన్నా, వాటి చేత పని చేయించుకొనే కళ్లెం ఇదే.

జూన్ మాసంలో పడవ నీటిలోకి దిగింది. మొదట మోటారు మాత్రమే పెట్టి, వెనుక పలకపై నీరు ఎంతవరకు వచ్చిందో మాస్టారు పెన్సిలుతో గీత గీశారు. తరువాత కొడుకును కూర్చోబెట్టి మరొక గీత, పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి మూడవ గీత. మూడవ గీతకూ పలక అంచుకూ మధ్య మిగిలిన ఎత్తును కొలిచి జేబు పుస్తకంలో రాసుకొన్నారు. లైఫ్ జాకెట్లు పిల్లలిద్దరికీ బిగించారు. 2021 ఏప్రిల్ నుండి అమెరికా సమాఖ్య జలాలలో చిన్న పడవలు నడిపేవారు, పడవకు ఆ ఏర్పాటు ఉన్నప్పుడు, మోటారును ఆపే తాడును ఒంటికి తగిలించుకోవాలన్న నియమం ఉంది. నడిపేవాడు నీటిలో పడితే తాడు ఊడి మోటారు దానంతట అదే ఆగుతుంది. కొత్త మోటారుతో ఆ తాడు వచ్చింది. ఆయన దానిని మణికట్టుకు తగిలించుకొన్నారు.

పడవ గట్టు ఎక్కింది. ఒక్క క్షణం ముందుభాగం లేచి, మళ్లీ దిగి, నీటిపై జారసాగింది. మనుమరాలు ఇంకా వేగంగా పోనిమ్మంది. ఆయన థ్రాటిల్‌ను ఇంకొంచెం జరిపి, సరస్సు మధ్యకు వెళ్లాక మెల్లగా, చాలా మెల్లగా తగ్గించారు. వెనుక నుండి వచ్చిన అల పలక కిందనే ఆగి రెండువైపులకు విడిపోయింది.

సాయంత్రం పడవను ట్రెయిలరు ఎక్కించి బిరడా తీస్తే లోపలి నుండి ఒక చిన్న గిన్నెడు నీరు కారింది. అది పిల్లల తడిపాదాలతో వచ్చిన నీరే. ఆయన టార్చిలైటు వేసి నాలుగు బోల్టుల చుట్టూ వేలితో తడిమి చూశారు. పగులు లేదు, తేమ లేదు. చిన్న కుంచె తీసుకొని పలక లోపలివైపు, చట్టం అడగని చోట, నల్లరంగుతో రెండు సంఖ్యలు రాశారు: 30 అశ్వసామర్థ్యం, 4 మనుషులు. దాని కింద సంవత్సరం వేశారు. పడవ రేపు ఎవరి చేతికి వెళ్లినా, వారు మొదట చూసేది వెనుక పలకనే కదా అని కొడుకుతో అన్నారు.